లాప్‌టాప్‌లో డీవీడీ డ్రైవ్ తీసేశారు సరే, ఆ చోట మనకేమిచ్చారు?

పటమట ఆడిట్ · ఆదివారం రాత్రి 8:12

అందరికీ నమస్కారమండీ. మాది పటమటలో చిన్న ఆడిట్ ఆఫీసు, నలుగురం కూర్చుంటాం. లాప్‌టాప్‌లు 2014లో కొన్నవి. విండోస్ 10కి 2025 అక్టోబరు 14తో సపోర్టు ఆగిపోయింది, వీటి మీద విండోస్ 11 ఎక్కదు. కాబట్టి నాలుగూ ఒకేసారి మార్చాలి.

నిన్న బందరు రోడ్డు మీద మూడు షాపులు తిరిగాను. డీవీడీ డ్రైవ్ ఉన్న లాప్‌టాప్ ఒక్కటంటే ఒక్కటి లేదు. "అవి రావడం మానేసి చాన్నాళ్ళయింది సార్, ఇప్పుడు వాటితో పనేముంది" అన్నాడు కౌంటర్లో కుర్రాడు. పని ఉందండీ. మా బీరువాలో 2005 నుంచి 2013 దాకా క్లయింట్ల టాలీ బ్యాకప్‌లు సీడీల్లోనే ఉన్నాయి. ఏడాది వారీగా కవర్లలో పెట్టి పేర్లు రాసి దాచినవి, నూట నలభై దాకా ఉంటాయి. మొన్నామధ్య ఒక అన్నదమ్ముల పంపకాల గొడవలో 2009 నాటి లెడ్జర్ కావాల్సి వచ్చింది. సీడీ పెడితే రెండుసార్లు గిర్రున తిరిగి ఆగిపోయింది. మూడోసారి తెరుచుకుంది. ఆ పావుగంటా ప్రాణాలు అరచేతిలో పెట్టుకుని కూర్చున్నాను.

ఇంకో సంగతి. డ్రైవ్ తీసేసిన చోట ఏమిచ్చారా అని తిప్పి తిప్పి చూశాను. రెండు యూఎస్‌బీ, ఒక టైప్ సీ. లాన్ సాకెట్ కూడా లేదు. మాకు డిజిటల్ సంతకం టోకెన్, ప్రింటరు, మౌస్ మూడూ ఎప్పుడూ గుచ్చి ఉండాలి. రిటర్నుల ఆఖరి రోజు రాత్రి వైఫై నమ్ముకుని కూర్చోలేం, లాన్ వైరు ఉండాల్సిందే.

డ్రైవ్ ఉన్న మోడల్ కోసం ఇంకా వెతకనా? లేకపోతే ఆ చోటుకి బదులు ఏముంటే కొనొచ్చో చెప్పండి.

సర్వీసు బల్ల · ఆదివారం రాత్రి 9:05

వెతకొద్దు సార్. గవర్నర్‌పేటలో పద్దెనిమిదేళ్ళుగా లాప్‌టాప్‌లు విప్పుతున్నాను. పాత మిషను వస్తే బోర్డు బాగుంటుంది, తెర బాగుంటుంది, డ్రైవ్ మాత్రం పోయుంటుంది. ఎందుకంటే దాంట్లో ఉన్నవన్నీ కదిలే సామాన్లే. బయటికొచ్చే ట్రే, దాని గేరు, బిళ్ళను తిప్పే మోటారు, లెన్సును ముందుకీ వెనక్కీ జరిపే సన్న కడ్డీలు. ఆ లెన్సు కందిగింజంత. మన ఏలూరు రోడ్డు దుమ్ము దాని మీద ఒక పొర పడితే చాలు, "డిస్క్ పెట్టండి" అంటుంది, డిస్కేమో లోపలే ఉంటుంది. దూదికి ఐసోప్రొపైల్ ఆల్కహాల్ అద్ది ఒక్కసారి తుడిస్తే సగం డ్రైవులు లేచి కూర్చునేవి. మిగతా సగానికి మందు లేదు.

పైగా డ్రైవ్ అన్నది మామూలు చోటు ఆక్రమించదు. మందం మొదట్లో 12.7 మిల్లీమీటర్లు, తర్వాత 9.5. పొడవు వెడల్పులు చెరో పన్నెండున్నర సెంటీమీటర్ల పైమాటే, ఎందుకంటే బిళ్ళే 12 సెంటీమీటర్లు. లాప్‌టాప్ అడుగు భాగంలో ఒక మూల మొత్తం దానిదే. నెలకోసారి కూడా వాడని సామానుకి అంత స్థలం దండగ. తీసేయడం న్యాయమే.

కానీ సార్ అడిగిన రెండో ప్రశ్న ఉంది చూశారూ, దాని మీద నాకు నిజంగా మంట. తీసేసి ఏమిచ్చారు? ఆరేడేళ్ళ కిందట ఒకాయన కొత్త 15.6 అంగుళాల లాప్‌టాప్ తెచ్చి "దీనికి డీవీడీ పనిచేయట్లేదు, ట్రే తెరుచుకోవట్లేదు" అన్నాడు. పక్కన ట్రే గీత ఉంది, అచ్చం డ్రైవ్ ముఖంలాగే ఉంది. అడుగున ఒక్క స్క్రూ విప్పి లాగాను. చేతికి ఖాళీ ప్లాస్టిక్ పెట్టె వచ్చింది. డమ్మీ. లోపల గాలి తప్ప ఏమీ లేదు. ఆయన మొహం చూడలేకపోయాను. డ్రైవ్ ఉన్న మోడల్‌కీ లేనిదానికీ ఒకే బాడీ పోత పోసి, డ్రైవ్ ఖర్చు మిగుల్చుకుని ఖాళీ డబ్బా తోశారు. ఆ కంపెనీ పేరు రాయను, ఇలా చేసింది అదొక్కటే కాదు కూడా. అదే చోట ఇంకో హార్డ్ డిస్క్ స్లాటు పెట్టి ఇచ్చుంటే పదేళ్ళు వాడుకునేవాడు మనిషి.

ఫైనలియర్ సీఎస్ఈ · ఆదివారం రాత్రి 9:31

అన్నా, నేను నాలుగేళ్ళ ఇంజినీరింగ్‌లో ఒక్క సీడీ ముట్టుకోలేదు. విండోస్ వేసుకున్నది పెన్‌డ్రైవ్‌తో, లైనక్స్ అంతే, సాఫ్ట్‌వేర్లన్నీ డౌన్‌లోడ్. రోజూ గుంటూరు నుంచి తాడేపల్లి వైపు బస్సులో వీపున బ్యాగ్ మోసుకుంటూ వెళ్ళేవాడిని. ఒక్క వంద గ్రాములు తగ్గినా భుజానికి తెలుస్తుంది.

మీరు చెప్పిన కొలతలతో ఇప్పుడే కాగితం మీద గీశాను. 128 బై 127 మిల్లీమీటర్ల చోటు. ఎం.2 ఎస్ఎస్‌డీ, అంటే హార్డ్ డిస్క్ బదులు పెట్టే సన్నటి కార్డు, 22 బై 80. పక్కపక్కనే వరసగా పేరిస్తే ఐదు సులువుగా పడతాయి, ఇంకా కింద చోటు మిగులుతుంది. ఐదక్కర్లేదు, రెండు స్లాట్లు చాలు. మిగతా చోట బ్యాటరీ పెట్టొచ్చు. మరి ఎందుకు పెట్టరు? నాది 42 వాట్ అవర్ బ్యాటరీ. మధ్యాహ్నం ల్యాబ్ అయ్యేసరికి ఎర్ర గీత. ర్యామ్ బోర్డుకే అతికించేశారు, 8 జీబీ. పెంచడానికి లేదు. కంప్యూటర్లో ఫోన్‌లా నడిచే ఆండ్రాయిడ్ ఎమ్యులేటర్ ఒకటి తెరిస్తే మిషను ఊపిరాడక కొట్టుకుంటుంది. మా నాన్న మిర్చి యార్డులో గుమస్తా, ఈ లాప్‌టాప్‌కి ఆయన రెండు నెలల జీతం పోసి కొన్నారు. మళ్ళీ కొనమని అడగలేను.

బ్రాడీపేట మాస్టారు · సోమవారం ఉదయం 6:20

బాబూ, మీరంతా బ్యాటరీలు, స్లాట్లు అంటున్నారు. నా గోడు వేరు. నేను తెలుగు లెక్చరర్‌గా రిటైరైనవాణ్ణి. మా నాన్నగారు హరికథ చెప్పేవారు. 1983లో ఒక శ్రీరామనవమి పందిట్లో ఆయన కథను ఎవరో పుణ్యాత్ముడు టేప్‌రికార్డరు పెట్టి పట్టాడు. ఆ క్యాసెట్టును 2006లో అరండల్‌పేటలో ఒక షాపులో ఆడియో సీడీకి ఎక్కించాను. ఆయన గొంతు లోకంలో మిగిలింది ఆ ఒక్క బిళ్ళలోనే. క్యాసెట్టు తర్వాత బూజుపట్టి పోయింది. పెన్‌డ్రైవ్‌లో ఒకటి వేయించుకున్నాను, అది ఏడాది తిరక్కుండానే కంప్యూటరుకు కనపడడం మానేసింది.

నా పాత లాప్‌టాప్ చచ్చిపోయాక మా అబ్బాయి కొత్తది పంపాడు. పలచగా, అందంగా ఉంది. సీడీ పట్టుకుని దాని చుట్టూ నాలుగువైపులా చూశాను, పెట్టడానికి చోటే లేదు. అప్పటికి రెండేళ్ళయింది నాన్నగారి గొంతు విని. నాలాంటివాడికి పెట్టెలోనే డ్రైవ్ ఉంటే ఎవరికి నష్టం? వైర్లు, అడాప్టర్లు నాకు చేతకావు.

పెళ్ళి వీడియో · సోమవారం ఉదయం 10:48

మాస్టారూ, బాధ అర్థమైంది. కానీ ఆ బిళ్ళ శాశ్వతం అనుకోకండి, ముందు దాన్ని కాపీ తీయించండి. నేను బీసెంట్ రోడ్డు పక్క సందులో స్టూడియో నడుపుతాను. 2008 నుంచి 2015 దాకా చేసిన పెళ్ళిళ్ళన్నీ డీవీడీలే ఇచ్చాం. పైన దంపతుల ఫోటో ప్రింటు చేసి, వెల్వెట్ పెట్టెలో పెట్టి. ఇప్పుడు ఆ దంపతులు పిల్లల్ని వెంటేసుకుని వస్తున్నారు, "అన్నా, తలంబ్రాల దగ్గర ఆగిపోతోంది" అంటూ. మనం ఇంట్లో రాసే డిస్కుల్లో సమాచారం ఉండేది ఒక రంగు పొరలో. లేజరు ఆ రంగును కాల్చి గుర్తులు పెడుతుంది. ఎండ, వేడి తగిలితే ఆ రంగు వెలిసిపోతుంది. మన మే నెల వేడిలో టీవీ మీద పెట్టిన పెట్టెలో ఎన్నేళ్ళు నిలుస్తుంది చెప్పండి.

నాకైతే డ్రైవ్ పోయినందుకు బాధ లేదు. డీవీడీ వీడియో అంటే 720 బై 576 చుక్కలు, 4.7 జీబీ. ఇప్పుడు ఒక్క పెళ్ళికి రెండు కెమెరాలు, ఒక డ్రోను, అంతా 4కే. ముహూర్తం రాత్రికే మూడు నాలుగొందల జీబీ పోగవుతుంది. దాన్ని డీవీడీల్లోకి దించాలంటే సంచీడు బిళ్ళలు కావాలి.

నా కోరిక ఒక్కటే. ఆ చోట పూర్తి సైజు ఎస్‌డీ కార్డు స్లాటు ఇవ్వండి. తెల్లవారుజాము మూడింటికి జీలకర్ర బెల్లం అయ్యాక కల్యాణ మండపం మూల కుర్చీలో కూర్చుని కార్డులు ఖాళీ చేసేది నేను. ఆ టైములో వేలాడే అడాప్టరు వైరుకు ఎవరో కాలు తగిలి లాగేస్తే, కాపీ సగంలో తెగితే, ఆ పెళ్ళి మళ్ళీ జరగదు. ఒకసారి నాకు అలాగే అయింది. అదృష్టం కొద్దీ కార్డు చెరిపేయలేదు కాబట్టి బతికాను.

స్కాన్ రూమ్ · సోమవారం మధ్యాహ్నం 2:15

గుంటూరు కొత్తపేటలో స్కానింగ్ సెంటర్లో టెక్నీషియన్‌ని. ఇక్కడ ఎవరూ మా సంగతి ఎత్తలేదు కాబట్టి రాస్తున్నాను. మేం సీటీ, ఎంఆర్ఐ తీశాక ఫిల్ముతో పాటు సీడీ కూడా ఇస్తాం. అందులో ఉండేది మామూలు ఫోటోలు కాదు, డైకామ్ అనే స్కాన్ బొమ్మల ఫైళ్ళు. చూసే సాఫ్ట్‌వేర్ కూడా ఆ సీడీలోనే పెడతాం. పేషెంటు దాన్ని పట్టుకుని పల్నాడు నుంచో బాపట్ల నుంచో వచ్చి ఇంకో డాక్టరు గారి దగ్గర కూర్చుంటారు. ఆ డాక్టరు గారి కొత్త లాప్‌టాప్‌కి డ్రైవ్ ఉండదు. "ఫోన్లో ఫోటో ఉందా అమ్మా" అంటారు.

ఫిల్మును కిటికీ వెలుతురుకి పెట్టి ఫోన్‌తో తీసి వాట్సాప్‌లో పంపితే ఏం మిగులుతుందండీ? సీటీలో ఒక్కో చుక్కకి 12 బిట్ల బూడిద ఛాయలు, అంటే 4096 మెట్లు. ఫోన్ ఫోటో జేపెగ్‌లో 8 బిట్లు, 256 మెట్లు. ఊపిరితిత్తి చూడ్డానికి ఒక కిటికీ, ఎముక చూడ్డానికి ఒక కిటికీ, అంటే ఆ మెట్లలో కావాల్సిన భాగం మాత్రమే, అని మేం మార్చి మార్చి చూసేది ఆ మెట్ల వల్లే. ఫోటోలో ఆ అవకాశమే పోయింది. కిందటి నెల ఒక ముసలాయన తల స్కాన్ సీడీ తెచ్చాడు, వేరే ఊళ్ళో తీసింది. చూసే సాధనం లేక మళ్ళీ స్కాన్ రాయించారు. ఆయన పంచె కొంగులోంచి ముడిచిన నోట్లు తీసి లెక్కపెట్టడం నా కళ్ళ ముందే ఉంది. మళ్ళీ అంత రేడియేషన్, మళ్ళీ అంత డబ్బు.

కాబట్టి లాప్‌టాప్‌లోంచి డ్రైవ్ తీసేయొచ్చు, కానీ తీసేసిన ఆసుపత్రి ప్రతి కన్సల్టేషన్ రూములో ఒక ఎక్స్‌టర్నల్ డ్రైవ్ పెట్టి తీరాలి. మా సెంటర్లో ఇప్పుడు లింకు కూడా ఇస్తున్నాం. అయినా సీడీ ఆపలేదు. ఫోన్ లేని పెద్దవాళ్ళు ఇంకా వస్తూనే ఉన్నారు.

ఫైనలియర్ సీఎస్ఈ · సోమవారం మధ్యాహ్నం 2:40

అక్కా, ఇది నాకు అస్సలు తెలియదు. మా తాతయ్యది ఒక సీడీ ఇంట్లో ఉంది, మోకాలి ఎంఆర్ఐ. పనికిరాదనుకుని పక్కన పడేశాం. ఇవాళే తీసి జాగ్రత్త చేస్తాను. అసలీ డ్రైవ్ తీసే పని ఎవరు మొదలుపెట్టారు?

సర్వీసు బల్ల · సోమవారం రాత్రి 9:50

తమ్ముడూ, దారి వేసింది ఆపిల్. 1998లో ఐమాక్‌లో ఫ్లాపీ లేకుండా వదిలారు, అప్పుడూ ఇలాగే గొడవ. 2008 జనవరిలో మాక్‌బుక్ ఎయిర్‌ను కాగితం కవర్లోంచి తీసి చూపించారు. డీవీడీ డ్రైవ్ లేదు, కావాలంటే బయట తగిలించుకోమన్నారు. అప్పుడు మా షాపులో అందరం "ఇదెలా కొంటారు" అనుకున్నాం. 2011లో ఇంటెల్ అల్ట్రాబుక్ అని పేరు పెట్టి మందానికి హద్దు గీసింది, పెద్ద తెరవాటికి 21 మిల్లీమీటర్లు, చిన్నవాటికి 18. అందులో డ్రైవ్ ఇమిడించడం కష్టం. 2012లో రెటీనా మాక్‌బుక్ ప్రో కూడా డ్రైవ్ వదిలేసింది. ఆ తర్వాత మిగతావాళ్ళంతా అదే బాట.

అంతకుముందే ఇంకో మంచి దారి ఉండేది, దాన్ని ఎవరూ పట్టించుకోలేదు. ఐబీఎం థింక్‌ప్యాడ్‌లలో అల్ట్రాబే అని ఉండేది. గడియ నొక్కితే డ్రైవ్ సొరుగులాగా బయటికి వచ్చేసేది. ఆ చోట రెండో బ్యాటరీ తోసుకోవచ్చు, ఇంకో హార్డ్ డిస్క్ తోసుకోవచ్చు. డెల్ లాటిట్యూడ్‌లలోనూ అలాంటి చోటు ఉండేది. మా దగ్గరికి ఒక మెడికల్ రిప్రజెంటేటివ్ వచ్చేవాడు, పొద్దున ఊళ్ళు తిరిగేటప్పుడు బ్యాటరీ, రాత్రి ఇంట్లో డీవీడీ. ఆ చోటు కంపెనీది కాదు, కొన్నవాడిది. ఏం పెట్టుకోవాలో వాడిష్టం. నేననేది అదే. డ్రైవ్ కావాలా వద్దా అన్నది అసలు గొడవే కాదు. ఆ చోటు మన చేతిలోంచి జారిపోయింది, పలచదనం ఖాతాలో కలిసిపోయింది.

మేం మా వంతుగా చేసింది క్యాడీలు, అంటే డ్రైవ్ సైజులోనే ఉండి లోపల హార్డ్ డిస్క్ పట్టే చట్రాలు. 2013 తర్వాత కొన్నేళ్ళు రోజుకి రెండు మూడు వేసేవాణ్ణి. పాత లాప్‌టాప్ అడుగున స్క్రూ విప్పి డ్రైవ్ లాగేసి, దాని ముందు పట్టీ ఊడదీసి క్యాడీకి తొడిగి, పాత హార్డ్ డిస్క్ అందులో పెట్టి లోపలికి తోసేవాణ్ణి. అసలు హార్డ్ డిస్క్ ఉన్న చోట ఎస్ఎస్‌డీ. ఐదు నిమిషాలు పట్టే బూట్ అరనిమిషానికి వచ్చేది. క్యాడీ 9.5దా 12.7దా ముందే కొలుచుకోవాలి, లేకపోతే గీసుకుపోయి ఇరుక్కుంటుంది. పటమట సార్, మీ 2014 మిషన్లు పారేయకండి. ఒకదాన్ని డ్రైవ్‌తో సహా అలాగే ఉంచండి, నెట్‌కి తగిలించకుండా, సీడీలు చదవడానికి మాత్రమే.

గుమస్తా · మంగళవారం ఉదయం 7:30

గుంటూరులో ఒక లాయరు గారి దగ్గర పాతికేళ్ళుగా గుమస్తాగా ఉన్నాను. కోర్టుకి ఇప్పటికీ డిస్కు కావాలి. సీసీ కెమెరా వీడియో, ఫోన్ సంభాషణ ఏదైనా సాక్ష్యంగా పెట్టాలంటే సీడీలోనో పెన్‌డ్రైవ్‌లోనో దాఖలు చేస్తాం, దాంతో సర్టిఫికెట్ జతచేస్తాం. ఇదివరకు 65బి సర్టిఫికెట్ అనేవాళ్ళం. 2024 జూలై 1 నుంచి భారతీయ సాక్ష్య అధినియమ్ వచ్చాక అది 63వ సెక్షన్ అయింది, ఫారంలో హాష్ విలువ, అంటే ఫైలుకి వేలిముద్ర లాంటి కోడ్, కూడా రాయాలి.

మా సారు సీడీనే ఇష్టపడతారు. ఒకసారి రాసి ముగించాక దాంట్లో ఇంకేమీ కలపలేం, చెరపలేం. పెన్‌డ్రైవ్ అయితే పొరపాటున తగిలించినవాడు ఏదైనా ఫైలు అందులో పడేస్తే హాష్ సంగతి ఎవరికి తెలుసు అంటారు. హాష్ ఉంటే ఫైలు మారిందో లేదో ఇట్టే తెలిసిపోతుందని జూనియర్ గారి వాదన. ఇద్దరిదీ నిజమే. కాకపోతే జూనియర్లలో ఎవరి లాప్‌టాప్‌కీ డ్రైవ్ లేదు. ఉన్న ఒక్క ఎక్స్‌టర్నల్ డ్రైవ్ చేతులు మారుతూ తిరుగుతుంటుంది. వాయిదా ఉన్న రోజు పొద్దున అది ఎవరి బ్యాగులో ఉందో వెతకడం నా పని. కిందటి శుక్రవారం దొరికింది కానీ వైరు దొరకలేదు.

సర్వీసు బల్ల · మంగళవారం ఉదయం 8:10

గుమస్తా గారూ, వైరు గురించి ఒక మాట. పాత ఎక్స్‌టర్నల్ డ్రైవులకు రెండు తలలున్న వైరు వచ్చేది, రెండూ గుచ్చాలి. యూఎస్‌బీ 2.0 పోర్టు ఇచ్చేది 500 మిల్లీ ఆంపియర్లే, మోటారు వేగం అందుకునేటప్పుడు అది చాలదు. టక్ టక్ మని కొట్టుకుంటుంది, డ్రైవ్ పోయిందనుకుంటారు. నీలం రంగు యూఎస్‌బీ 3 పోర్టుకి తగిలించండి, 900 ఇస్తుంది. పొడవాటి ఎక్స్‌టెన్షన్ వైరు వద్దు.

సింగ్‌నగర్ · మంగళవారం రాత్రి 10:22

ఇక్కడ డిస్కులు పనికిరానివన్నట్టు మాట్లాడేవాళ్ళకి మా ఇంట్లో జరిగింది చెప్పాలి. 2024 సెప్టెంబరు మొదట్లో బుడమేరు నీళ్ళు మా ఇంట్లో నడుము దాకా వచ్చాయి. పిల్లల్ని ఎత్తుకుని మేడ మీదికి పరిగెత్తాం, సామాను గురించి ఆలోచించే టైము లేదు. నీళ్ళు తీసి కిందికి దిగొచ్చేసరికి బీరువా కింది రెండు అరలూ బురద. అందులోనే కంప్యూటరు, ఎక్స్‌టర్నల్ హార్డ్ డిస్క్, ఒక జిప్పు పౌచ్‌లో పెళ్ళి డీవీడీలు, పాప అన్నప్రాశన, మా అమ్మ షష్టిపూర్తి.

హార్డ్ డిస్క్ రికవరీకి ఇచ్చాం. లోపలికి బురద దిగిందని తిరిగిచ్చేశారు. ఇక డిస్కులు కూడా పోయినట్టే అనుకున్నాను. మా ఆవిడ వదల్లేదు. మంచినీళ్ళ ట్యాంకరు వచ్చిన రోజు ఒక బకెట్ పక్కన పెట్టుకుని, ఒక్కో బిళ్ళనూ నీళ్ళలో ముంచి తీసి, మధ్య చిల్లు దగ్గర్నుంచి అంచు వైపుకి మెత్తటి పాత నూలు చీర ముక్కతో తుడిచింది. మెట్ల మీద నీడలో వరసగా ఆరబెట్టింది. సీడీలూ డీవీడీలూ కలిపి మొత్తం పద్నాలుగు. పదకొండు తెరుచుకున్నాయి. అమ్మ పోయి మూడేళ్ళు. షష్టిపూర్తి డీవీడీలో ఆవిడ నవ్వుతూ అందరికీ పసుపు కుంకుమ పంచుతోంది. ఇంట్లో ఎవరం మాట్లాడలేకపోయాం.

సర్వీసు బల్ల · మంగళవారం రాత్రి 10:58

అన్నా, చెల్లెమ్మ చేసింది నూటికి నూరుపాళ్ళు సరైన పని. గుండ్రంగా తుడిచి ఉంటే ఇసుక రేణువు ట్రాకు వెంబడే గీత పెట్టేది, డ్రైవ్ దాన్ని సరిదిద్దుకోలేదు. మధ్య నుంచి అంచుకి పడ్డ గీత అయితే ఒక్కో చుట్టులో కొంచెమే పోతుంది, దాన్ని సరిదిద్దే ఏర్పాటు డిస్కులోనే ఉంటుంది.

పోయిన మూడూ సీడీలేనా? నా అనుమానం అదే. సీడీలో వెండి పొర పైన బొమ్మ వైపు ఉంటుంది, దాని మీద పలచటి లక్క పూతే. అందుకే సీడీకి కింద గీతల కంటే పైన గీత ప్రమాదం. డీవీడీలో ఆ పొర 0.6 మిల్లీమీటర్ల రెండు ప్లాస్టిక్ బిళ్ళల మధ్యన భద్రంగా ఉంటుంది. ఇక హార్డ్ డిస్కులకు మామూలుగా గాలి ఆడడానికి ఒక సన్న చిల్లు ఉంటుంది. అన్నిరోజులు నీళ్ళలో ఉంటే లోపలికి దిగక ఏం చేస్తుంది.

సింగ్‌నగర్ · మంగళవారం రాత్రి 11:06

అవునండీ, మూడూ సీడీలే. పైన బొమ్మ పొరలాగా లేచిపోయింది.

ఫైనలియర్ సీఎస్ఈ · బుధవారం ఉదయం 8:44

అన్నా, మీ ఇంట్లో జరిగింది చదివాక నా మాట కొంచెం మార్చుకుంటున్నాను. డిస్కు దాచుకోదగ్గదే. కానీ అది డిస్కు గొప్పతనం, లాప్‌టాప్‌లో డ్రైవ్ ఉండాలనడానికి కారణం కాదు కదా. బీరువాలో డిస్కు ఉంటే చాలు, చదివే డ్రైవ్ ఇంటికొకటి బయట ఉన్నా సరిపోతుంది. పైగా కొత్త డిస్కులు ఎన్నాళ్ళు దొరుకుతాయో. సోనీ 2025 ఫిబ్రవరిలో రాసే బ్లూరే డిస్కుల తయారీ ఆపేసింది. ఇప్పుడున్నవి చదువుకుని పక్కకి తీసుకోవడం మీద దృష్టి పెట్టాలి.

బ్రాడీపేట మాస్టారు · బుధవారం ఉదయం 9:15

బాబూ ఫైనలియర్, ఒప్పుకుంటున్నాను. డ్రైవ్ పెట్టెలో ఉండాలని పట్టుబట్టను. సర్వీసు బల్ల గారూ, నేనీరోజు రైలెక్కి విజయవాడ వస్తాను. సీడీ మీ చేతిలోనే పెడతాను. దాని మీద బాల్‌పెన్నుతో నాన్నగారి పేరు రాశాను, ఏమీ కాదు కదా?

సర్వీసు బల్ల · బుధవారం ఉదయం 9:22

రండి మాస్టారూ. బాల్‌పెన్ను వాడకూడదు, ఇందాక చెప్పిన లక్క పూత మీద ఒత్తిడి పడుతుంది. రాసింది ఎలాగూ రాశారు, తుడవడానికి మాత్రం ప్రయత్నించకండి. సంచిలో అట్టముక్కల మధ్య పెట్టుకు రండి, కిటికీ పక్క ఎండలో పెట్టొద్దు.

పటమట ఆడిట్ · గురువారం రాత్రి 8:30

నిర్ణయం తీసుకున్నానండీ. మరీ పలచటివి వద్దనుకున్నాను. కాస్త మందంగా ఉన్న ఆఫీసు మోడల్ దొరికింది. లాన్ సాకెట్ ఉంది, మూడు పెద్ద యూఎస్‌బీలు, ర్యామ్ స్లాట్లు రెండు, ఎం.2 రెండు. షాపు కుర్రాణ్ణి అడుగు మూత విప్పి చూపించమన్నాను. ముందు విప్పనన్నాడు, నాలుగు తీసుకుంటానంటే డెమో మిషను విప్పాడు. సర్వీసు బల్ల గారు చెప్పినట్టు లోపల చోటు దేనికి వాడారో కళ్ళతో చూశాకే డబ్బు కట్టాను. ఒక ఎక్స్‌టర్నల్ డ్రైవ్ కూడా కొన్నాను. పాత మిషను ఒకటి సీడీల కోసం మూలన బల్ల మీద పెట్టాం.

సీడీలు కాపీ చేసేటప్పుడు చదవకుండా మొరాయిస్తే ఏం చేయాలి?

సర్వీసు బల్ల · గురువారం రాత్రి 9:40

లోపలి ఫైళ్ళు ఒక్కొక్కటీ లాగకండి, మొత్తం బిళ్ళను ఒక ఐఎస్ఓ ఫైలుగా, అంటే బిళ్ళకి అచ్చు నకలుగా తీయండి. మొరాయించినవాటికి లైనక్స్‌లో డీడీరెస్క్యూ అనే ప్రోగ్రాం ఉంది. చదవగలిగింది ముందు చదివి, పోయిన చోట్లకి తర్వాత తిరిగి వెళ్తుంది. మధ్యలో ఆపినా మళ్ళీ అక్కడి నుంచే మొదలుపెడుతుంది. ఒక డ్రైవ్‌లో రానిది ఇంకో డ్రైవ్‌లో రావచ్చు, కాబట్టి పాత మిషనులోనూ కొత్త ఎక్స్‌టర్నల్‌లోనూ రెండింట్లోనూ పెట్టి చూడండి. తీసినవి రెండు వేరే వేరే హార్డ్ డిస్కుల్లో, రెండు వేరే వేరే ఇళ్ళలో. సింగ్‌నగర్ అన్న అనుభవం చూశారుగా, రెండూ ఒకే బీరువాలో ఉంటే ఏం లాభం.

బ్రాడీపేట మాస్టారు · శనివారం ఉదయం 6:05

నిన్నటి దాకా కూర్చుని రాయడానికి చేతులు ఆడలేదు, అందుకే ఆలస్యం. బుధవారం మధ్యాహ్నం గవర్నర్‌పేట వెళ్ళాను. తొమ్మిది ట్రాకుల్లో ఆరు సాఫీగా వచ్చాయి. ఏడోది మొదట్లోనే కీచుమని ఆగింది. ఆయన బిళ్ళ తీసి తుడిచి, వేగం బాగా తగ్గించి మళ్ళీ పెట్టాడు. ఆ ఒక్క ట్రాకుకే నలభై నిమిషాలు. నాకు టీ తెప్పించాడు, అది చల్లారిపోయింది.

వచ్చింది. మొత్తం వచ్చింది. నాన్నగారు "శ్రీమద్రమారమణ గోవిందో" అనగానే పందిట్లో జనం "హరి" అనడం, వెనక చిడతల మోత. కథ మధ్యలో ఆయన ఆగి "ఒరే అబ్బాయ్, మంచినీళ్ళు" అని పిలుస్తారు. పిలిచింది నన్నే. నేనా రోజు అక్కడ ఉన్నానన్న సంగతే మర్చిపోయాను.

ఒక కాపీ నా దగ్గర, ఒకటి తెనాలిలో మా చెల్లెలి దగ్గర. పటమట ఆడిట్ గారూ, మీ సీడీలు ఎంతవరకు వచ్చాయి?

పటమట ఆడిట్ · శనివారం ఉదయం 10:10

ముప్పై ఆరు అయ్యాయి మాస్టారూ. రెండు చదవలేదు. వాటిని విడిగా కవర్లో పెట్టాను, సోమవారం సర్వీసు బల్ల గారి దగ్గరికి తీసుకెళ్తున్నాను.